చందమామ చాటున చుక్క



సాయంకాలం మేడమీదికి వెళ్ళి చూస్తే, ఒక్కొక్క రోజున చందమామ పక్కనే పెద్ద చుక్క ఒకటి మెరుస్తూ ఉంటుంది. "అదుగో, చంద్రుడి పక్కన రోహిణి!" అని మీ అమ్మమ్మ ఎప్పుడైనా చూపించే ఉంటుంది. అవి రెండూ చేతులు పట్టుకొని నడుస్తున్నట్టే కనబడతాయి. నిజానికి వాటి మధ్య ఉన్న దూరం ఇంతా అంతా కాదు. చంద్రుడు మనకు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరాన ఉన్నాడు. అక్కడి నుంచి వెలుగు మన దగ్గరికి రావడానికి సెకనుకు కొంచెం ఎక్కువ పడుతుంది. రోహిణి నుంచి వెలుగు రావడానికో, ఇంచుమించు 65 సంవత్సరాలు! ఈ రాత్రి మీరు చూచే రోహిణి వెలుగు మీ తాతగారి చిన్నతనంలో బయలుదేరిందన్న మాట.

దగ్గర ఉన్న వస్తువు నడుస్తూ నడుస్తూ దూరపు వస్తువుకు అడ్డం వస్తే ఏమవుతుంది? మన విశాఖపట్నంలో ఉన్నవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర లేదు. రాత్రివేళ సముద్రపు ఒడ్డున కూర్చుంటే, రేవులోకి రావడానికి వంతు కోసం లంగరు వేసుకొని ఉన్న ఓడల దీపాలు దూరాన కనబడతాయి. ఈలోగా ఇంకొక ఓడ వాటికి ఇవతలగా మెల్లగా సాగిపోతుంది. అది అడ్డం వచ్చినంతసేపు వెనక ఉన్న ఓడ దీపం కనబడదు. అది దాటిపోగానే దీపం మళ్ళీ కనబడుతుంది.

ఆకాశంలో కూడా అంతే. చందమామ తన దారిలో పోతూ పోతూ అప్పుడప్పుడు ఒక చుక్కకు అడ్డం వస్తాడు. చుక్క ఆయన చాటుకు పోతుంది. గంటసేపో, అంతకు తక్కువో మరుగున ఉండి రెండవ వైపున బయటికి వస్తుంది. దీనినే శాస్త్రంలో ఆచ్ఛాదనం అంటారు. అంటే కప్పివేయటం. సూర్యగ్రహణంలో చంద్రుడు సూర్యుణ్ణి కప్పినట్టే, ఇక్కడ చుక్కను కప్పుతాడు. ఇది చుక్కకు పట్టిన గ్రహణమే అనుకోండి.

ఇందులో చూడదగిన విడ్డూరం ఒకటున్నది. చుక్క మెల్లమెల్లగా మసకబారి మాయం కాదు. చంద్రుడి అంచు దగ్గరికి వచ్చేదాకా చక్కగా మెరుస్తూనే ఉంటుంది. మరుక్షణంలో చూస్తే అక్కడ చుక్క లేదు! ఎవరో మీట నొక్కి దీపం ఆర్పినట్టు ఒక్కసారిగా పోతుంది. మొదటిసారి చూచినవారు ఉలిక్కిపడతారు. ఆ ఒక్క క్షణాన్ని పట్టుకొని గడియారంలో చూచి వ్రాసుకొన్నవారు, దాని నుంచి ఎన్ని సంగతులు రాబట్టారో ఈ నెల చెప్పుకొందాం.

చందమామ నడక

"చంద్రుడు తూర్పున సముద్రం మీద ఉదయించి, పడమట సింహాచలం కొండల వైపు దిగిపోతాడు గదా! మరి చుక్కలు కూడా అలాగే పోతాయి. ఒకదానికి ఒకటి ఎట్లా అడ్డం వస్తుంది?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే.

భూమి తన చుట్టూ తాను తిరగటం చేత ఆకాశమంతా తూర్పు నుంచి పడమటికి తిరుగుతున్నట్టు మనకు కనబడుతుంది. అందులో చంద్రుడూ ఉన్నాడు, చుక్కలూ ఉన్నవి. కాని చంద్రుడికి సొంత నడక ఇంకొకటున్నది. ఆయన భూమి చుట్టూ తిరుగుతున్నాడు. ఆ నడక చేత చుక్కల మధ్య ఆయన పడమటి నుంచి తూర్పుకు, అంటే మన ఊళ్ళో కొండల వైపు నుంచి సముద్రం వైపుకు జరుగుతూ ఉంటాడు. గంటకు ఇంచుమించు తన వెడల్పు అంత దూరం జరుగుతాడు.

దీనిని నమ్మడానికి మీరు నా మాటే వినవలసిన పనిలేదు. చంద్రుడికి తూర్పు పక్కన దగ్గరలో ఉన్న చుక్కను ఒకదానిని గుర్తు పెట్టుకోండి. భోజనం చేసి వచ్చి మళ్ళీ చూడండి. చంద్రుడు ఆ చుక్కకు దగ్గరగా జరిగి ఉంటాడు. ఇట్లా ఆయన 27 రోజులకు పైచిలుకు కాలంలో ఆకాశం అంతా ఒక్క చుట్టు తిరిగి వస్తాడు. ఆ దారిలో రోజుకు ఒకటి చొప్పున పెద్దలు ఏర్పాటు చేసినవే అశ్విని మొదలు రేవతి వరకు గల 27 నక్షత్రాలు. దక్షుడి కుమార్తెలు 27 మందినీ చంద్రుడు పెండ్లాడి, అందరిలోకీ రోహిణిని ఎక్కువగా ప్రేమించాడనే కథ మీరు వినే ఉంటారు. చంద్రుడు రోహిణికి ఎంత దగ్గరగా పోతాడో చూచినవారికి ఆ కథ ఊరికే పుట్టలేదని తోస్తుంది.

ఎవరెవరి వంతు ఎప్పుడు?

మరి చంద్రుడు నెలనెలా అదే దారిన పోతుంటే రోహిణి నెలనెలా ఎందుకు మరుగు కాదు? ఎందుకంటే ఆ దారి కొంచెం ఒరిగి ఉన్నది. సూర్యుడు పోయే దారికి, చంద్రుడు పోయే దారికి మధ్య సుమారు 5 డిగ్రీల వాలు ఉన్నది. పైగా ఆ వాలు ఒకే చోట నిలకడగా ఉండక, 18 సంవత్సరాల 7 నెలలకు ఒక చుట్టు తిరుగుతుంది. అందుచేత కొన్ని ఏళ్ళు చంద్రుడు ఒక చుక్కకు ఎగువగానో దిగువగానో పోతాడు. మరి కొన్ని ఏళ్ళు సరిగ్గా దాని మీదుగానే పోతాడు.

ఆ దారిలో పడే పెద్ద చుక్కలు నాలుగే. అవి రోహిణి, మఖ, చిత్త, జ్యేష్ఠ. రోహిణి వంతు 2015 జనవరిలో మొదలై 2018 సెప్టెంబరులో ముగిసింది. మళ్ళీ 2033 ఆగస్టులో మొదలవుతుంది. జ్యేష్ఠ వంతు 2023 ఆగస్టులో మొదలయింది. అది 2028 ఆగస్టు దాకా సాగుతుంది. వంతు నడుస్తున్న కాలంలో నెలనెలా ఆ చుక్క మరుగవుతుంది. అయితే ప్రతిసారీ లోకమంతటికీ కనబడదు. ఒకసారి అమెరికాకు, ఒకసారి ఆస్ట్రేలియాకు, ఎప్పుడో ఒకసారి మనకు! ఒకప్పుడు మనకు పట్టపగలు జరుగుతుంది. ఇంకొకప్పుడు మబ్బు పడుతుంది. కాబట్టి మన మేడమీది నుంచి చూడగలిగిన ఆచ్ఛాదనం వచ్చిందంటే దానిని వదలుకోకూడదు.

పెద్ద చుక్కలు నాలుగే అయినా, చిన్న చుక్కలు లెక్కలేనన్ని ఉన్నవి. దుర్భిణి ఉన్నవారికి నెలలో చాలా రాత్రులు ఏదో ఒక చిన్న చుక్క చంద్రుడి చాటుకు పోవటం కనబడుతూనే ఉంటుంది.

ఒక్కసారిగా ఎందుకు పోతుంది?

రాత్రివేళ సముద్రం మీద ఉదయిస్తున్న చుక్కను ఎప్పుడైనా గమనించారా? నీటికి దగ్గరగా ఉన్నప్పుడు అది మసకగా, ఎర్రగా ఉంటుంది. పైకి వచ్చిన కొద్దీ తెల్లబడి ప్రకాశిస్తుంది. దాని వెలుగు అడ్డంగా దట్టమైన గాలిలో నుంచి రావటమే దీనికి కారణం. చంద్రుడి చుట్టూ కూడా మనకు వలె గాలి ఉంటే, చుక్క ఆయన అంచును చేరే ముందు మసకబారాలి, రంగు మారాలి, వణకాలి. అట్లాంటిదేమీ జరగదు. దీనిని బట్టి అక్కడ మనకున్నటువంటి గాలి లేదని, మనిషి 1969లో చంద్రుడి మీద కాలు పెట్టడానికి ఎన్నో ఏళ్ళ ముందే, భూమి మీద కూర్చొనే జ్యోతిశ్శాస్త్రజ్ఞులు తెలుసుకొన్నారు.

రెండవ కారణం చుక్క దూరం. బత్తాయిపండును పలక వెనకకు జరిపితే కొంచెం కొంచెంగా మాయమవుతుంది. సూదిమొనను జరిపితే ఒక్కసారిగా మాయమవుతుంది. రోహిణి నిజంగా సూదిమొన కాదు. అది సూర్యుడికంటె 40 రెట్లకు పైగా వెడల్పయినది! అయినా అంత దూరాన ఉండటం చేత దానిని మూయడానికి చంద్రుడికి సెకనులో సుమారు 25వ వంతు చాలు. మన కన్ను రెప్ప వాల్చి ఎత్తే లోపల అయిపోతుంది. కన్ను పట్టలేని ఆ చిన్న వ్యవధిని యంత్రాలతో కొలిచి, చుక్కల వెడల్పులను కూడా లెక్కకట్టారు.

సెకనుకు ఉన్న విలువ

"ఒక సెకను ఇటో అటో అయితే మునిగిపోయిందేమిటి?" అని కొందరు అనుకోవచ్చు. నిజంగానే ఓడలు మునిగిపోయేవి!

నడిసముద్రంలో ఓడ ఎక్కడ ఉన్నదో తెలియాలంటే రెండు లెక్కలు కావాలి. ఉత్తర దక్షిణాలుగా ఎంత దూరాన ఉన్నామో చుక్కల ఎత్తును బట్టి తెలుస్తుంది. తూర్పు పడమరలుగా ఎంత దూరాన ఉన్నామో తెలియడానికి మాత్రం సరైన కాలం తెలియాలి. భూమి 4 నిముషాలకు ఒక డిగ్రీ చొప్పున తిరుగుతున్నది. అందుచేత ఓడలోని గడియారం ఒక్క నిముషం తప్పితే, మన విశాఖ దగ్గర లెక్క సుమారు 26 కిలోమీటర్లు తప్పుతుంది. ముందు అంతా సముద్రమేనని నమ్మి నడిపిన ఓడ చీకట్లో యారాడ కొండకు ఎదురుగా వచ్చి ఉండవచ్చు. అందుకే ఉపగ్రహాలు లేని ఆ రోజుల్లో, రేవు విడిచే ముందు నావికులు తమ గడియారాలను సరిచేసుకొనేవారు.

ఎవరి గడియారాన్ని చూచి సరిచేసుకొనేవారు? ఇక్కడే మన ఊరి కథ వస్తుంది.

మన ఊళ్ళో ఒక వేధశాల ఉండేదని మీలో ఎందరికి తెలుసు? గోడే వెంకట జగ్గారావుగారు జమీందారుల కుటుంబంలో పుట్టారు. ఆయనకు చుక్కల మీద అమితమైన ఆసక్తి. మద్రాసు వేధశాలకు అధికారిగా ఉన్న టెయిలర్ దొర దగ్గర ఆ విద్య నేర్చుకొన్నారు. 1840 ప్రాంతంలో విశాఖపట్నంలో డాబా గార్డెన్స్‌లోని తమ ఇంటి ఆవరణలోనే సొంత ఖర్చుతో వేధశాల కట్టించారు. చుక్కలను చూచి నిర్ణయించిన కాలాన్ని తమ గదిలోనే దాచుకోలేదు. డాల్ఫిన్స్ నోస్ కొండమీద జెండా కొయ్య నాటించి, దాని ద్వారా రేవులోని ఓడలకూ, ఊరి ప్రజలకూ వేళ తెలిసే ఏర్పాటు చేశారు. అంటే ఆ రోజుల్లో మన రేవుకు కాలం చెప్పింది ఆకాశంలోని చుక్కలే!

జగ్గారావుగారు 1856లో పోయారు. తరువాత ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు ఆ వేధశాలను పైకి తెచ్చారు. ఆయన డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేసినవారు. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబానికి అడ్డంగా దాటిపోయింది. శుక్రుడు సూర్యుణ్ణి తాకిన వేళ, విడిచిన వేళ పట్టుకోవాలని ప్రపంచంలోని శాస్త్రజ్ఞులందరూ దేశదేశాలకు పోయి కాచుకొన్నారు. భూమికీ సూర్యుడికీ మధ్య దూరం లెక్కకట్టడానికి ఆ వేళలు కావాలి. నరసింగరావుగారు విశాఖపట్నంలో కూర్చొని ఆ పని చేశారు. ఆయన వ్రాసి పంపిన వివరాలను లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ వారు తమ పత్రికలో అచ్చువేశారు. ఆయన 1892లో మరణించారు. ఇప్పుడు ఆ వేధశాల లేదు. డాబా గార్డెన్స్ అంటే అంగళ్ళతో, బండ్లతో రద్దీగా ఉండే పేట. కాని ఆ దారిన పోయినప్పుడు, ఒకప్పుడు అక్కడ రాత్రిళ్ళు మేలుకొని సెకన్లు లెక్కపెట్టిన మనుషులు ఉండేవారని తలచుకోండి.

హైదరాబాదులోని నిజామియా వేధశాలలో చంద్రుడు చుక్కలను కప్పే వేళలను కూడా కొలిచి లోకానికి అందించారు. ఎందుకంటే చుక్క ఉన్న చోటు మనకు ఖచ్చితంగా తెలుసు. కాబట్టి అది మాయమైన క్షణంలో చంద్రుడి అంచు సరిగ్గా అక్కడ ఉన్నదన్న మాట. చంద్రుడు సెకనుకు సుమారు ఒక కిలోమీటరు పోతాడు. వేళను సెకనులో పదవ వంతు దాకా సరిగా పట్టుకొంటే, అంత దూరాన ఉన్న చంద్రుడి చోటు వంద మీటర్ల లోపు తేడాతో తెలుస్తుంది. ఇంత చవకగా ఇంత గొప్ప కొలత ఇంకెక్కడ దొరుకుతుంది?

చాటు నుంచి బయటపడిన సంగతులు

క్రీస్తుశకం 509 మార్చి 11న గ్రీసు దేశంలోని ఏథెన్సులో ఒకరు చంద్రుడి అంచున రోహిణిని చూచి వ్రాసిపెట్టారు. పన్నెండు వందల ఏళ్ళు గడిచాయి. 1718లో ఇంగ్లండులో హేలీ ఆ వ్రాతను, ఇంకా కొన్ని పాత కొలతలను తీసి తన కాలపు కొలతలతో పోల్చాడు. లెక్క కుదరలేదు. రోహిణి అదే చోట ఉండి ఉంటే అప్పుడు అట్లా కనబడి ఉండదు! స్థిరంగా ఉంటాయనుకొన్న నక్షత్రాలు కూడా మెల్లగా కదులుతున్నవని ఆయన కనిపెట్టాడు. తోకచుక్క పేరుతో మీకు తెలిసిన హేలీ ఈయనే.

1819లో వియన్నాలో బుర్గ్ అనే ఆయన జ్యేష్ఠ చంద్రుడి చాటు నుంచి బయటికి రావటం చూస్తున్నాడు. ముందు ఒక మసక చుక్క కనబడింది. కొన్ని సెకన్ల తరువాత అసలు జ్యేష్ఠ ఎర్రగా వెలిగింది. జ్యేష్ఠకు ఒక జత చుక్క ఉన్నదని అప్పుడు తెలిసింది.

కంటికి కనబడని రేడియో తరంగాలను పంపే వస్తువులు కూడా ఆకాశంలో ఉన్నవి. 1962లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో దూరదర్శినితో, అట్లాంటి ఒక వస్తువు చంద్రుడి చాటుకు పోయే వేళలు కొలిచి అది ఉన్న చోటు పట్టుకొన్నారు. మరుసటి సంవత్సరం అది 200 కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా దూరాన ఉన్న వస్తువని తేలింది. అట్లాంటి వాటినే క్వేసారులు అంటారు. ఈ పనికే మన దేశంలో గోవింద్ స్వరూప్ గారు ఊటీ కొండ వాలు మీద 530 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు గల రేడియో దూరదర్శినిని కట్టించారు. అది 1970లో పని ప్రారంభించింది.

మీరూ చూడండి

ఇక మీ వంతు. ఏ చుక్క ఎప్పుడు మరుగవుతుందో కంప్యూటరులో స్టెల్లేరియం వంటి ఉచితమైన ఆకాశపటం తెరిచి, మన ఊరి పేరు ఇచ్చి చూడవచ్చు. నాన్నగారినో, సైన్సు మాస్టారినో సాయం అడగండి. పెద్ద చుక్క కోసం ఏళ్ళ తరబడి ఆగనక్కర లేదు. చిన్న చుక్కతోనే మొదలుపెట్టండి.

శుక్లపక్షంలో విదియ నుంచి దశమి వరకు ఉన్న రాత్రులు మంచివి. అప్పుడు చంద్రుడి తూర్పు అంచు చీకటిగా ఉంటుంది. చుక్క ఆ చీకటి అంచున మాయమవుతుంది గనుక కళ్ళు మిరుమిట్లు గొలపవు. కృష్ణపక్షంలో ఇది తారుమారు. చుక్క వెలుగు అంచున దాగి, చీకటి అంచున బయటపడుతుంది. వానాకాలం వెళ్ళి, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మన ఆకాశం తేటగా ఉంటుంది. పట్నపు దీపాలు, రేవు దీపాలు, ఉక్కు కర్మాగారపు వెలుగులు ఉన్నాసరే, చంద్రుడి పక్కన ఉన్న ప్రకాశమైన చుక్కను అవి దాచలేవు. ఇంట్లో రెండు కళ్ళ దుర్భిణి ఉంటే దానిని గోడకో కిటికీకో ఆనించి పట్టుకోండి. చంద్రుణ్ణి చూస్తే కంటికి ప్రమాదం లేదు. సూర్యుడి వైపు మాత్రం దుర్భిణిని ఎన్నడూ తిప్పరాదు.

ఇద్దరు కలిసి చేస్తే పని తేలిక. అన్నయ్య దుర్భిణిలో చూస్తూ ఉండాలి. చెల్లాయి గడియారంలో సెకన్లు చూస్తూ ఉండాలి. సెల్‌ఫోను గడియారం చాలు. చుక్క పోగానే అన్నయ్య "పోయింది!" అని కేక వేయాలి. చెల్లాయి ఆ సెకను వ్రాసుకోవాలి. పది నిముషాల ముందు నుంచే సిద్ధంగా ఉండండి. "కాస్త మంచినీళ్ళు తాగి వస్తాను" అంటే చుక్క మీకోసం ఆగదు!

తేది, ఊరు, చుక్క పేరు, పోయిన వేళ, చూచినవారి పేరు ఒక నోటుపుస్తకంలో వ్రాయండి. ఒక సంగతి గట్టిగా గుర్తు పెట్టుకోండి. మీరు వ్రాసిన వేళ పటంలో చెప్పిన వేళకు సరిపోకపోతే దిద్దవద్దు. మబ్బు వస్తే "మబ్బు వచ్చింది" అని వ్రాయండి. అనుమానంగా ఉంటే "అనుమానం" అని వ్రాయండి. ఏథెన్సులో ఆ మనిషి తాను చూచినది చూచినట్టు వ్రాయకుండా లెక్కకు సరిపెట్టి ఉంటే, పన్నెండు వందల ఏళ్ళ తరువాత హేలీకి ఏం దొరికి ఉండేది? తల్లిదండ్రులకు కూడా ఒక మనవి. పిల్లలు రాత్రి పది నిముషాలు మేడమీద ఉంటామంటే కోప్పడకండి. వీలైతే మీరే గడియారం పట్టుకోండి.

చివరగా మీకొక లెక్క. భీమునిపట్నంలో ఒక కుర్రవాడు, గాజువాకలో ఒక అమ్మాయి ఒకే రాత్రి ఒకే చుక్కను చూచారు. ఇద్దరి గడియారాలూ సరైనవే. ఇద్దరూ ఏమరుపాటు లేకుండా చూచారు. అయినా చుక్క పోయిన వేళలో కొన్ని సెకన్ల తేడా వచ్చింది. ఎందుకు? ఒక కన్ను మూసి, బొటనవేలు ఎదురుగా పట్టుకొని దూరాన ఉన్న దీపాన్ని కప్పండి. ఇప్పుడు వేలు కదల్చకుండా తలను కొంచెం పక్కకు జరపండి. జవాబు మీ కళ్ళ ఎదుటే ఉంటుంది.